తప్పు ఎవరి ఖాతాలో? – టీవీ తెర మీద సీత, ద్రౌపది, కర్ణుడు

(టీవీ రచన, జర్నలిజం చదువుతున్న విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

భోజనాల వేళ దగ్గరపడుతోంది, వెనక వరసల్లో కొందరు అప్పుడే గడియారం చూసుకుంటున్నారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను. నేటి ప్రేక్షకుల కోసం టీవీ సీరియళ్లు పాత్రలను ఎలా మలుచుకుంటాయో మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే అందరం బట్టలు, నగలు, గ్రాఫిక్స్, భాష గురించి చెబుతాం. ఆడపాత్రలకు ధైర్యం వచ్చిందంటాం. అవన్నీ ఉన్నవే, కళ్లకు కనబడుతూనే ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించేది ఇంకో చోట ఉంది.

ఒక పాత కథను టీవీకి రాయాలని కూర్చున్న రచయితకు సంఘటనలు మార్చే స్వేచ్ఛ దాదాపు లేదు. సీత అడవికి వెళ్లాల్సిందే. ద్రౌపదిని సభకు ఈడ్చుకు రావాల్సిందే. కర్ణుడి రథచక్రం కుంగాల్సిందే. వీటిలో ఏది మార్చినా జనం ఊరుకోరు. మరి మార్చగలిగేది ఏమిటి? జరిగిన తప్పును ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది. ఒకరి పేరున ఉన్న తప్పును మెల్లగా తీసి ఇంకొకరి పేరున రాయొచ్చు. కథ అలాగే ఉంటుంది, చూసేవాడి మనసులో లెక్క మారిపోతుంది. మన పౌరాణిక సీరియళ్లలో 'ఆధునికత' అని మనం పిలిచేదంతా ఎక్కువగా ఈ బదిలీలోనే జరిగిందని నా అభిప్రాయం. అదెలా జరిగిందో కొన్ని సన్నివేశాలు పట్టుకుని చూద్దాం.

రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైంది. ఆదివారం పొద్దున వచ్చేది. మీ అమ్మానాన్నలను అడగండి, చెబుతారు. వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒకటో రెండో ఉండేవి, మిగతా వీధంతా ఆ ఇంట్లోనే. టీవీకి దండలు వేసి, హారతి ఇచ్చి చూసినవాళ్లున్నారు. 78 ఎపిసోడ్లు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ వేస్తే మీ తరం కూడా చూసింది, మీమ్స్ కూడా చేసింది.

ఆ సీరియల్ టైటిల్స్‌లో ఏయే రామాయణాలు ఆధారమో పేర్లు వేసేవారు. వాల్మీకి, తులసీదాసు, కంబడు, కృత్తివాసుడు, ఇంకా కొన్ని. వాటిలో మన రంగనాథ రామాయణం కూడా ఉంది. గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసింది. తెలుగువాళ్లం దాన్ని చూసి సంబరపడ్డాం కూడా. అయితే ఈ జాబితా కేవలం భక్తితో వేసింది కాదు. రచయితకు అది చాలా పనికొచ్చే జాబితా. ఒక రామాయణంలో ఇబ్బంది పెట్టే ఘట్టం ఉంటే, ఇంకో రామాయణంలోకి వెళ్లి అదే ఘట్టాన్ని ఇబ్బంది లేకుండా తెచ్చుకోవచ్చు. ఎవరైనా అడిగితే 'మేం కల్పించలేదు, గ్రంథంలో ఉంది' అనొచ్చు.

అగ్నిప్రవేశం చూడండి. వాల్మీకిలో రావణవధ అయ్యాక సీతను పిలిపించి రాముడు అన్న మాటలు చదివితే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది. నిన్ను గెలిచింది నా వంశగౌరవం కోసం, నీ కోసం కాదంటాడు. ఎక్కడికైనా వెళ్లు, లక్ష్మణుడి దగ్గరికో, భరతుడి దగ్గరికో, సుగ్రీవుడి దగ్గరికో, విభీషణుడి దగ్గరికో వెళ్లమంటాడు. వానరులూ రాక్షసులూ అందరూ వింటుండగా. సీత సమాధానం చెప్పి, చితి పేర్చమని లక్ష్మణుణ్ణి అడుగుతుంది. తర్వాత అగ్ని వచ్చి ఆమెను అప్పగించాక, లోకం నమ్మడానికి ఇలా చేశానని రాముడు చెబుతాడు. అంటే వాల్మీకి కూడా సంజాయిషీ ఇప్పించాడు. కానీ ఎప్పుడు ఇప్పించాడు? నిప్పు దాటి వచ్చాక. అప్పటిదాకా వింటున్న మనం రాముణ్ణి చూసి నిర్ఘాంతపోయి ఉండాల్సిందే. కవి మనల్ని అక్కడ ఒంటరిగా వదిలేశాడు.

సాగర్ ఏం చేశాడు? తులసీదాసు దారి పట్టాడు. అసలు సీత ముందే అగ్ని దగ్గర భద్రంగా ఉంది, లంకలో ఉన్నది ఛాయాసీత. చితి పేర్చమనగానే లక్ష్మణుడు కోపంతో ఎదురుతిరుగుతాడు. అప్పుడు రాముడు తమ్ముడికి అసలు సంగతి విడమరిచి చెబుతాడు. ఆ తర్వాతే అగ్నిప్రవేశం. ఇక్కడ మీలో రాయాలనుకునేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. సంజాయిషీ వెనక నుంచి ముందుకు జరిగింది. అంతే మార్పు. కానీ దాంతో చూసేవాళ్లకు టెన్షన్ పోయింది. సీత నిప్పులోకి నడుస్తుంటే మనకు బాధ లేదు, అసలు సీత వెనక్కి వస్తోందన్న ఊరట ఉంది. ఇంట్లో ఆడవాళ్లు అడగబోయిన ప్రశ్నను లక్ష్మణుడి చేత అడిగించి, అక్కడే జవాబు చెప్పించి, ఫైలు మూసేశారు.

లక్ష్మణుడి చేత అడిగించడం మాత్రం తెలివైన పని. ఆ మాట ఒప్పుకోవాలి. 1987లో ఈ దృశ్యాన్ని ప్రశ్న లేకుండా చూపించడం కుదరదని సాగర్‌కు తెలుసు.

ఇక ఉత్తరకాండ. పట్టాభిషేకంతో ముగించాలన్నది మొదటి ఆలోచన. జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమ గురువుగా కొలిచే సమాజం వాళ్లది. వాల్మీకి స్వయంగా కథలోకి వచ్చే భాగం చూపించకుండా ఎలా ఆపేస్తారని వాళ్లు అడిగారు. సమ్మె ఇతర ఊళ్లకూ పాకింది. చివరికి ఉత్తర రామాయణం తీశారు. ప్రేక్షకుల కోసం కథ మార్చడం గురించి మనం మాట్లాడుకుంటున్నాం కదా, ఇక్కడ ప్రేక్షకులే చీపుర్లు కింద పెట్టి కథను పొడిగించుకున్నారు. టీఆర్పీ అనే మాట ఎవరూ వినని రోజుల్లో.

అలా సాగర్ తప్పించుకోవాలనుకున్న ఘట్టం నెత్తిన పడింది. నిండు గర్భిణిని అడవిలో వదిలేయడం. ఉత్తరకాండలో ఎలా ఉంది? గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలని సీత ముచ్చటపడుతుంది. ఆ ముచ్చటనే సాకుగా పెట్టుకుని లక్ష్మణుడి వెంట పంపిస్తాడు రాముడు. గంగ దాటేదాకా ఆమెకు సంగతి తెలియదు. టీవీలో ఏమైంది? నింద సంగతి సీతకే తెలుస్తుంది. రాజుగా రాముడికి మచ్చ రాకూడదని ఆమే వెళ్లిపోవాలని నిశ్చయించుకుంటుంది. రాముడు కన్నీళ్లతో నిలబడతాడు.

ఈ మార్పును మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సీతకు నిర్ణయం తీసుకునే హక్కు ఇచ్చారు కదా అంటారు. నిజమే, నిర్ణయం ఆమె చేతికి వచ్చింది. కానీ ఆ నిర్ణయంతో ఎవరికి లాభం కలిగిందో చూడండి. రాముడికి క్లీన్ చిట్ వచ్చింది. ఆమెకు వచ్చిన స్వేచ్ఛ మొత్తం ఆయన్ని నిర్దోషిగా తేల్చడానికే ఖర్చైపోయింది. ఆఖరికి ఆయన మీద కోపగించుకునే హక్కు కూడా ఆమెకు మిగల్లేదు. తనంతట తాను వెళ్లింది కదా, ఇక ఎవరి మీద కోపం?

1963లో మన లవకుశ వచ్చింది. ఎన్టీఆర్, అంజలీదేవి. సి.పుల్లయ్య మొదలుపెడితే సి.ఎస్.రావు పూర్తిచేశారు. అందులో సీతకు తెలియదు. లక్ష్మణుడు అడవిలో దింపాక తెలుస్తుంది. రాముడు చేసింది రాముడి పేరునే ఉంది. తెలుగు జనం బళ్లు కట్టుకుని వచ్చి చూశారు, ఏడ్చారు, ఎన్టీఆర్ ఫొటోకు దణ్ణం కూడా పెట్టారు. దేవుడి వల్ల అన్యాయం జరిగిందనీ ఆయన దేవుడేననీ రెండూ ఒకేసారి మోయగలిగారు. ఇంకా వెనక్కి వెళితే, భవభూతి ఉత్తరరామచరితంలో వాసంతి అనే వనదేవత రాముణ్ణి ముఖం మీదే నిలదీస్తుంది. ఎనిమిదో శతాబ్దంలో! కాలం గడిచేకొద్దీ ప్రశ్నలు పదునెక్కుతాయనుకుంటాం. టీవీ వచ్చేసరికి మనం ఆ విషయంలో వెనక్కి నడిచాం.

ఎందుకలా? రచయితలు పిరికివాళ్లని కాదు. టీవీ స్వభావంలోనే ఒక కారణం ఉంది. సినిమాలో పాత్ర మూడు గంటలు ఉంటుంది. ఇంటికి వచ్చేస్తాం. సీరియల్‌లో పాత్ర మన ఇంటికి వస్తుంది, వారం వారం, ఇప్పుడైతే రోజూ. మనం అన్నం తింటుండగా వస్తుంది. పిల్లలు పక్కన ఉండగా వస్తుంది. ఇవాళ ఛీ అనిపించుకున్న మనిషి రేపు మళ్లీ అదే టైముకు మన ముందుకు రావాలి, మనం టీవీ కట్టేయకూడదు. పైగా టీవీ అంతా క్లోజప్పుల మీద నడుస్తుంది. ఒక్క డైలాగుకు ఐదుగురి రియాక్షన్ షాట్లు, వాటి మీద బీజీఎం, అంటే నేపథ్య సంగీతం. ముఖం అంత దగ్గరగా అన్నాళ్లు చూశాక దాన్ని అసహ్యించుకోవడం కష్టం. అందుకే హీరో ముఖాన్ని కాపాడటం సీరియల్ రచయితకు మొదటి డ్యూటీ అయిపోతుంది. మరి తప్పు జరిగింది కదా, దాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి. దింపడానికి ఒక మనిషి కావాలి.

రామాయణంలో ఆ మనిషి మంథర. కైకేయి కోరిన వరాలకు కైకేయిది బాధ్యత. కానీ ఆమె రాణి, భరతుడి తల్లి, చివర్లో మంచిదైపోవాలి. కాబట్టి మంథర. తులసీదాసుకు అది కూడా సరిపోలేదు. మంథర బుద్ధిని తిప్పింది సరస్వతి అన్నాడు, సరస్వతిని పంపింది దేవతలన్నాడు. చివరికి ఫిర్యాదు స్వర్గం దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. అంత పైకి వెళ్లి కేసు పెట్టేదెవరు?

ఇప్పుడు మహాభారతానికి వద్దాం. ఇక్కడ లెక్క ఇంకా పెద్దది, ఎందుకంటే ఇక్కడ తప్పు చెయ్యనివాళ్లు దాదాపు ఎవరూ లేరు.

బి.ఆర్.చోప్రా మహాభారత్ 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ 24న ముగిసింది. 94 ఎపిసోడ్లు. మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా, హిందీలో పేరున్న నవలాకారుడు. కథ చెప్పడానికి ఆయన కాలాన్నే ఒక పాత్ర చేశాడు. తిరిగే చక్రం, హరీశ్ భిమానీ గొంతు. ఏ రుషినో కూర్చోబెట్టి చెప్పించి ఉంటే అది పురాణశ్రవణం అయ్యేది. కాలం మాట్లాడేసరికి అది ఇవాళ్టి మనకు చెబుతున్నట్టు అయింది.

మొదటి ఎపిసోడే చూడండి. శకుంతల కొడుకు భరతుడి కథ. భరతుడికి తొమ్మిదిమంది కొడుకులు. వాళ్లెవరూ రాజ్యానికి తగరని ఆయన అనుకున్నాడు. ఈ మాట వ్యాసుడి ఆదిపర్వంలోనూ ఉంది. అయితే అక్కడ తర్వాత జరిగేది భయంకరం. చాలా ప్రతుల్లో ఆ తల్లులే కోపంతో కొడుకులను చంపేస్తారు. ఆపైన యజ్ఞం చేసి, భరద్వాజుడి అనుగ్రహంతో భుమన్యుడనే కొడుకును పొందుతాడు. టీవీలో ఈ హత్యలు లేవు. సభ పెట్టి, కన్నకొడుకులను పక్కన పెట్టి, యోగ్యత చూసి భుమన్యుణ్ణి యువరాజుగా ప్రకటిస్తాడు భరతుడు. రాజుకు కొడుకుల కంటే ప్రజలు ముఖ్యమన్న మాటతో ఈ దేశపు కథ మొదలవుతుంది. 1988లో, వారసత్వ రాజకీయాల గురించి ఊరూరా మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో. ఆ తర్వాత కొడుకు మీద మమకారంతో కళ్లుండీ లేనివాడైన ధృతరాష్ట్రుణ్ణి ఎప్పుడు చూసినా మనకు ఆ భరతుడు గుర్తొస్తాడు. ఇది నాకు బాగా నచ్చిన మార్పు. పాత కథలో ఉన్న చిన్న వాక్యాన్ని పట్టుకుని, దాన్ని మొత్తం సీరియల్‌కు కొలబద్ద చేశారు. రాజ్యం ముక్కలైన తప్పును ఒక మనిషి ఖాతాలో వేసి ఊరుకోలేదు, పుట్టుకే అర్హత అనుకునే పద్ధతి ఖాతాలో వేశారు.

కానీ అదే సీరియల్ ద్రౌపది దగ్గరికి వచ్చేసరికి ఏం చేసింది?

రెండు సన్నివేశాలు. మొదటిది స్వయంవరం. కర్ణుడు విల్లు ఎత్తబోతుంటే 'సూతపుత్రుణ్ణి పెళ్లాడను' అంటుంది ద్రౌపది. రెండోది మయసభ. దుర్యోధనుడు నీళ్లలో పడితే 'గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే' అని నవ్వుతుంది. ఈ రెండు మాటలు ఇవాళ ఏ ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. మహాభారత యుద్ధం ఎందుకు జరిగిందంటే ద్రౌపది నోటి వల్ల జరిగిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీ బంధువుల్లోనే ఒకాయన ఉంటాడు.

పుణేలోని భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా దేశమంతటి రాతప్రతులు పోల్చి మహాభారతానికి సంశోధిత ప్రతి తయారుచేసింది. అందులో స్వయంవరంలో ద్రౌపది అన్న ఆ మాట మూలంలో లేదు. ముఖ్యమైన ప్రతులు చాలావాటిలో లేదని దాన్ని పక్కకు తీశారు. మయసభలో దుర్యోధనుడు పడినప్పుడు నవ్వింది భీముడు, అర్జునుడు, కవలలు, నౌకర్లు. ద్రౌపది ఆడవాళ్లతో కలిసి నవ్విందని తర్వాత తండ్రి దగ్గర చెప్పుకునేది దుర్యోధనుడు. గుడ్డివాడి కొడుకన్న వెక్కిరింత ఆమె నోట లేదు.

టీవీనే కల్పించిందని నేననడం లేదు. ఆ మాటలు జనంలో, నాటకాల్లో, సినిమాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. మనమేం తక్కువ తినలేదు. 1977 సంక్రాంతికి వచ్చిన ఎన్టీఆర్ సినిమా దానవీరశూరకర్ణలో మయసభ ఘట్టం తర్వాత దుర్యోధనుడు పాంచాలిని తిట్టే డైలాగు ఎంతమందికి నోటికి వచ్చో ఇక్కడ చేతులెత్తమంటే సగం హాలు ఎత్తుతుంది. ఎత్తకండి, టైము లేదు. నేను చెప్పేదేమంటే, రచయిత ముందు రెండు పాఠాలున్నాయి. ఒకదానిలో నవ్వు మగవాళ్లది. ఇంకోదానిలో నవ్వు, దానితోపాటు వెక్కిరింత, ఆమెది. రెండోది ఎంచుకున్నారు. ఎంచుకోగానే సభాపర్వంలో జరగబోయే ఘోరానికి ఒక 'కారణం' దొరికింది. చూసేవాడికి మనసులో ఎక్కడో, ఆమె కూడా తక్కువేం కాదు కదా అన్న మాట మెదులుతుంది. కోర్టుల్లో, పోలీస్ స్టేషన్లలో, పంచాయితీల్లో ఆడవాళ్లు ఇవాళ్టికీ వినే మాట అదే.

దీని వల్ల లాభపడింది ఎవరు? దుర్యోధనుడి కంటే ఎక్కువగా కర్ణుడు.

కర్ణుడంటే మనందరికీ ఇష్టం. నాకూ ఇష్టమే. పుట్టుకను చూసి అవమానించిన లోకానికి ఎదురు నిలబడ్డవాడు. ఇది కూడా ఇవాళ్టి కల్పన కాదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులమడిగినప్పుడు, శూరుల పుట్టుక, నదుల పుట్టుక తెలుసుకోవడం కష్టమని దుర్యోధనుడి చేత వ్యాసుడే అనిపించాడు. ఎన్టీఆర్ సినిమాలో ఆ ఘట్టం కులవ్యవస్థ మీద పెద్ద ఉపన్యాసం అయింది, థియేటర్లు ఈలలతో ఊగిపోయాయి. హిందీలో కవి దినకర్ 1952లో రశ్మిరథి కావ్యం మొత్తం కర్ణుడి మీద రాశాడు. అలా కర్ణుడు టీవీకి వచ్చేసరికి అన్యాయానికి గురైన ప్రతి మనిషికీ ప్రతినిధి అయ్యాడు. తర్వాత్తర్వాత ఆయన పేరు మీదే సీరియళ్లు వచ్చాయి. 2015లో సోనీలో సూర్యపుత్ర కర్ణ్ అలాంటిదే.

కానీ సభాపర్వంలో కర్ణుడు చేసిందేమిటి? వికర్ణుడు ఒక్కడు లేచి ఇది అన్యాయమంటే, అతన్ని కూర్చోబెట్టింది కర్ణుడు. అయిదుగురు భర్తలున్నది కులస్త్రీ కాదన్నది కర్ణుడు. ఆమె బట్టలూ పాండవుల బట్టలూ తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పింది కూడా కర్ణుడే. చోప్రా సీరియల్ ఆ నిందను దాచలేదు, కర్ణుడి వేషం వేసిన పంకజ్ ధీర్ నోట మనం విన్నాం. కానీ అంతకుముందే స్వయంవరంలో 'సూతపుత్రుడు' మాట విని ఉన్నాం కదా. రెండూ పక్కపక్కన పెట్టుకుంటాం. చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. ఒక మనిషికి పుట్టుక వల్ల జరిగిన అన్యాయాన్ని చూపించి, అతను ఇంకొక మనిషికి చేసిన అన్యాయాన్ని మాఫీ చేశారు. నాకు అభ్యంతరం అక్కడ. కులం విషయంలో కళ్లు తెరిచిన ప్రేక్షకుడు ఆడదాని విషయంలో కళ్లు మూసుకోనక్కర్లేదు.

వ్యాసుడు ఈ లెక్కను ఎలా చూశాడో తెలుసా? ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ణి ఒంటరిగా కలిసి జన్మరహస్యం చెప్పినప్పుడు, కర్ణుడు చాలా విషయాలు మాట్లాడి ఒక మాట అంటాడు. దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులను పరుషమైన మాటలన్నాను, ఆ పనికి ఇప్పుడు తపించిపోతున్నాను అని. ఎంత గొప్ప అవకాశం! తప్పు తన ఖాతాలోనే ఉంచుకుని కూడా మనిషి పెద్దవాడు కాగలడని చూపించే సీన్ తయారుగా ఉంది. పైగా చూడండి, అక్కడ కూడా అతను పాండవుల పేరే ఎత్తాడు. ద్రౌపదికి చెప్పాల్సింది చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలో ఒక గొప్ప రచయితకు పది ఎపిసోడ్ల సరుకు ఉంది.

2013లో స్టార్ ప్లస్‌లో వచ్చిన మహాభారత్ మీలో ఎక్కువమందికి తెలుసు. సిద్ధార్థ్ కుమార్ తివారీది. సెప్టెంబర్ 16 నుంచి మరుసటి ఏడు ఆగస్టు 16 దాకా, 267 ఎపిసోడ్లు. చోప్రాది వారానికి ఒకటి, ఇది రోజువారీ. కథ అదే, ఎపిసోడ్లు దాదాపు మూడు రెట్లు. ఆ ఖాళీ దేనితో నింపాలి? కారణాలతో. ప్రతి పనికీ ఒక ఫ్లాష్‌బ్యాక్, ప్రతి పగకూ ఒక గాయం. శకుని ఈ పద్ధతిలో బాగా పెరిగాడు. చెల్లెల్ని గుడ్డివాడికి ఇచ్చారన్న కసితో ఏళ్ల తరబడి పావులు కదిపినవాడయ్యాడు. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు, ధూళిపాళ శకునిని చూసి పెరిగినవాళ్లం. శకుని ఎంత పెరిగితే ధృతరాష్ట్రుడూ దుర్యోధనుడూ అంత తేలికవుతారు. మంథర చేసిన డ్యూటీ ఇక్కడ ఈయన చేస్తాడు. అయితే అదే సీరియల్‌లో కురుసభలో ద్రౌపది మాట్లాడే తీరు మాత్రం పాత సీరియల్ కంటే బలంగా ఉంటుంది. తనను ఓడాక నన్ను ఒడ్డాడా, నన్ను ఒడ్డాక తనను ఓడాడా అని ఆమె వేసే ప్రశ్న వ్యాసుడిదే. ఇవాళ్టి అమ్మాయి అడిగే ప్రశ్నలా వినిపిస్తుంది, ఒక్క అక్షరం 'మోడరన్' చెయ్యక్కర్లేదు.

2015లో సియా కే రామ్ అని ఇంకొకటి వచ్చింది, రామాయణాన్ని సీత వైపు నుంచి చెబుతామని. రాముడి అక్క శాంతను కూడా చూపించారు. అప్పట్లో ఇంగ్లిష్ పత్రికలు అదేదో కొత్త చూపన్నట్టు రాశాయి. మన అమ్మమ్మలు పాడుకున్న స్త్రీల రామాయణపు పాటలు ఎవరైనా విన్నారా? వాటిలో శాంత ఇంటికి పెద్దాడపడుచు, తమ్ముణ్ణి నిలదీసే అధికారం ఉన్న మనిషి. ఊర్మిళాదేవి నిద్ర పాటలో పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన లక్ష్మణుణ్ణి గుర్తుపట్టక, ఎవరు నువ్వు, మా నాన్న జనకుడికి తెలిస్తే ఏమవుతుందో తెలుసా అని బెదిరిస్తుంది ఊర్మిళ. వంటింట్లో, దంపుళ్ల దగ్గర, మగవాళ్లు లేనప్పుడు పాడుకున్న పాటలివి. స్పాన్సర్లు లేరు కాబట్టి ఎవరి ముఖమూ కాపాడనక్కర్లేదు వాళ్లకు. టీవీ రచయితలు కొత్తదనం కోసం ఎక్కడెక్కడో వెతుకుతారు, ఈ పాటల పుస్తకం ఒకటి తెచ్చుకుంటే చాలు.

సరే, ఇవన్నీ హిందీ సీరియళ్లు, పురాణాలు, మాకెందుకు, మేం రేపు రాయబోయేది తెలుగు డైలీ సీరియల్ అని కొందరు అనుకుంటున్నారు. మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. అయితే కార్తీక దీపం మాట్లాడుకుందాం. (నవ్వులు) నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నా.

2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలైంది. మలయాళంలో వచ్చిన కరుతముత్తుకు రీమేక్. రాత్రి ఏడున్నరకు రెండు రాష్ట్రాల్లో వంటింట్లో గ్యాస్ కట్టేయించిన సీరియల్. కథ ఏమిటి? భర్త డాక్టర్ బాబు భార్య దీపను అనుమానిస్తాడు. గర్భిణిగా ఉన్న ఆమె ఇల్లు వదిలి ఎక్కడో వంటలు చేసుకుని బతుకుతుంది. కవలలు పుడతారు. వాళ్లు పెరిగి, తల్లినీ తండ్రినీ కలపాలి. వాల్మీకి ఆశ్రమం ఒక్కటి లేదు గానీ మిగతాదంతా ఉత్తరకాండే. లవకుశుల చోట ఇద్దరు ఆడపిల్లలు, శౌర్య, హిమ. డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే ఒక్క రోజులో తేలిపోయేదానికి ఇన్నేళ్లా అని జనం జోకులేసుకున్నారు గుర్తుందా? అది అగ్నిపరీక్ష గురించి జోకు. తెలియకుండానే వేశారు.

ఇప్పుడు లెక్క చూడండి. అనుమానించింది డాక్టర్ బాబు. కట్టుకున్న భార్య మాట కంటే ఒక రిపోర్టును నమ్మింది డాక్టర్ బాబు. కానీ ఆ రిపోర్టు వెనక అతన్ని పెళ్లాడాలనుకునే మోనిత ఉంది. తనకు పిల్లలు పుట్టరని అతను నమ్మేలా చేసింది ఆమె. ఇక ఇళ్లల్లో శాపనార్థాలన్నీ మోనితకే. డాక్టర్ బాబును మాత్రం 'పాపం' అన్నారు. అంతకుముందు అత్త సౌందర్య ఉండేది, కోడలు నల్లగా ఉందని అసహ్యించుకునేది. ఆమె మంచి అత్త అయిపోగానే ఆ ఖాతా మొత్తం మోనితకు బదిలీ. రంగు చూసి మనిషిని తక్కువ చెయ్యడం ఈ సమాజంలో ఉన్న జబ్బు, ఆ సీరియల్ మొదలైందే దాని మీద. కొన్ని వందల ఎపిసోడ్లు గడిచేసరికి జబ్బు సంగతి పోయి, ఒక లేడీ విలన్ మిగిలింది. ఆమె జైలుకు పోతే అన్నీ చక్కబడిపోతాయని మనం ఎదురుచూశాం.

దీపను మాత్రం బాగా రాశారు. నేను మనస్ఫూర్తిగా అంటున్నా. ప్రేమి విశ్వనాథ్ ఆ పాత్రను మోసిన తీరుకు ఊళ్లలో ఆడవాళ్లు ఆమెను సొంత మనిషి అనుకున్నారు. చేతిపనితో బిడ్డను పెంచుకుంటున్న మనిషి, అత్తింటి మెట్ల మీద చెయ్యి చాపని మనిషి. సీతకు ఇవ్వాల్సిన ఆధునిక రూపం ఏదైనా ఉంటే దానికి దగ్గరగా వచ్చింది ఆ వంటలక్కే. ఆమె ఎదురుగా ఉన్న మగాడి పాత్రను కూడా అంతే నిజాయితీగా రాసి ఉంటే ఎలా ఉండేదన్నదే నా ప్రశ్న. మోనిత లేదనుకోండి. ఏ దొంగ రిపోర్టూ లేదు. అతను మామూలుగా, మన చుట్టూ ఉన్న మగాళ్లలాగా, ఏ ఆధారం లేకుండా అనుమానించాడు. రేపు రాత్రి ఏడున్నరకు మళ్లీ మన ముందుకు రావాలి. అతని చేత ఏం మాట్లాడిస్తారు?

(సభలోంచి ఒక విద్యార్థిని: 'సార్, అలా రాస్తే ఛానెల్ వాళ్లు ఒప్పుకోరు కదా?')

చాలాసార్లు ఒప్పుకోరమ్మా. హీరో నెగటివ్ అవుతున్నాడు, ట్రాక్ మార్చండి అంటారు. అప్పుడు రెండు పనులు చెయ్యొచ్చు. ఒకటి, విలన్‌ను పెట్టండి గానీ మొత్తం బరువు ఆమె మీద వెయ్యకండి. దొంగ రిపోర్టు ఆమెదే, దాన్ని నమ్మింది మాత్రం నువ్వే అని దీప చేత ఒక్క డైలాగ్ అనిపించండి, అతన్ని జవాబు వెతుక్కోనివ్వండి. రెండు, ఆ జవాబుకు తొందరపడకండి. సాగర్ చేసినట్టు నిప్పుకు ముందే సంజాయిషీ పెట్టకండి. కమర్షియల్ బ్రేక్ దాకా ఆగండి, వీలైతే సోమవారం దాకా ఆగండి. చూసేవాళ్లు ఈ మధ్యలో ఇంట్లో కొట్టుకుంటారు, నీ కొడుకైనా అంతే అని అత్తాకోడళ్లు వాదించుకుంటారు. ఛానెల్ వాళ్లకు కావాల్సిందీ అదేగా. టీఆర్పీ పడిపోదని నేను హామీ ఇవ్వలేను గానీ, ఎపిసోడ్ గురించి మర్నాడు మాట్లాడుకుంటారని మాత్రం చెప్పగలను.

ఇంకెవరైనా అడగాలా? ఆ చివర చెయ్యెత్తినబ్బాయీ, నువ్వు అడుగు.